మంచు అణువు గట్టిగా ఉంటుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పదార్థ స్థితుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే రకమైన ప్రశ్నలు పలువురి నుంచి వచ్చినచోట వాటిని కలిపి ఒకటిగా రాశాం.

ప్రశ్న: మంచుగడ్డ గట్టిగా ఉంటుంది, నీరు పారుతుంది, ఆవిరి అంతటా వ్యాపిస్తుంది. అంటే మంచులోని అణువు గట్టిదనీ నీటిలోని అణువు మెత్తనిదనీ అనుకోవచ్చా? వేడిచేసినప్పుడు అణువులు కూడా కరుగుతాయా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని)

జవాబు: అలా అనుకోకూడదు. మూడింటిలోనూ ఉన్నది ఒకే అణువు. ఒక ఆక్సిజన్ పరమాణువుతో రెండు హైడ్రోజన్ పరమాణువులు కలిసి ఏర్పడిన ఆ అణువు ఎంత చిన్నదంటే, ఒక మిల్లీమీటరు పొడవున వరసగా పేర్చడానికి ముప్పై లక్షలకు పైగా అణువులు కావాలి. మంచు కరిగినా నీరు మరిగినా ఆ అణువు ఆకారం గానీ బరువు గానీ మారదు. గట్టిదనం, పారే గుణం, కరగడం అనేవి కోట్లాది అణువులు కలిసి ఉన్నప్పుడు ఆ సమూహానికి వచ్చే లక్షణాలు. ఒంటరి అణువును పట్టుకుని ఇది ఘనమా, ద్రవమా అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే ఉండదు.

మరి సమూహం ఎందుకు మారుతుంది? అణువుల మధ్య రెండు విషయాలు ఎప్పుడూ పోటీపడుతుంటాయి. ఒకటి, అణువులు ఒకదాన్నొకటి దగ్గరకు లాక్కునే ఆకర్షణ. రెండోది, అవి ఎప్పుడూ ఆపని కదలిక. మనం ఉష్ణోగ్రత అని కొలిచేది నిజానికి ఈ కదలిక తాలూకు సగటు శక్తినే. ఆకర్షణదే పైచేయి అయినప్పుడు ప్రతి అణువూ తనకంటూ ఒక స్థానంలో కుదురుకుంటుంది. అలాగని అక్కడ నిశ్చలంగా ఉండదు, సెకనుకు లక్ష కోట్ల సార్ల స్థాయిలో అటూ ఇటూ కంపిస్తూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఊగులాట వెడల్పు పెరుగుతుంది. అది పక్క కణంతో ఉన్న దూరంలో దాదాపు పదో వంతుకు చేరేసరికి వరసలు నిలబడలేక కూలిపోతాయని లిండెమన్ అనే శాస్త్రవేత్త 1910లో ప్రతిపాదించాడు. చాలా లోహాల విషయంలో ఈ సులువైన నియమం ఇంచుమించు సరిపోతుంది. మనం కరగడం అనేది ఈ వరసలు కూలిపోవడాన్నే.

పాఠంలో సాధారణంగా చెప్పని విషయం ఒకటి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచులోనూ, అదే సున్నా డిగ్రీల దగ్గర ఉన్న నీటిలోనూ అణువుల కదలిక తాలూకు సగటు శక్తి ఇంచుమించు సమానమే. ఘనంలో కణాలు నెమ్మదిగా, ద్రవంలో వేగంగా, వాయువులో మరింత వేగంగా కదులుతాయని బట్టీ పట్టడం వల్ల ఈ సంగతి మరుగున పడిపోతుంది. గది గాలిలోని నైట్రోజన్ అణువు, అదే గదిలో గ్లాసులోని నీటి అణువు, రెండింటికీ సగటు చలన శక్తి ఒకే స్థాయిలో ఉంటుంది. వాటి స్థితిలో తేడా తెచ్చేది ఆకర్షణ. నీటి అణువుల మధ్య ఉన్నంత బలమైన పట్టు నైట్రోజన్ అణువుల మధ్య లేదు.

ప్రశ్న: ఘన, ద్రవ, వాయు స్థితులకు మూడు పెట్టెలు గీసి, చుక్కలను మొదటి పెట్టెలో దగ్గరగా, రెండో పెట్టెలో కొంచెం దూరంగా, మూడో పెట్టెలో బాగా దూరంగా చూపే బొమ్మనే ఏళ్ల తరబడి నల్లబల్ల మీద వేస్తున్నాను. ఆ బొమ్మ సరైనదేనా? (భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు)

జవాబు: మొదటి పెట్టె సరైనదే. రెండోది తప్పు. మూడోది తప్పనలేం గానీ మరీ పిసినారిగా గీసిన బొమ్మ. ఈ బొమ్మను సరిదిద్దడం పిల్లలకు ఎంతో మేలు చేస్తుందని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి దీనికి కొంత వివరంగా జవాబు రాస్తున్నాను.

చాలా ఘనపదార్థాలు కరిగినప్పుడు వాటి ఘనపరిమాణం మహా అయితే పదో వంతు పెరుగుతుంది. దాన్ని కణాల మధ్య దూరంగా లెక్కవేస్తే మూడు శాతం పెరుగుదల, అంటే బొమ్మలో కంటికి కనిపించనంత తేడా. నీటి విషయంలో ఇదీ తలకిందులే. మంచులో ప్రతి అణువూ హైడ్రోజన్ బంధాల ద్వారా (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణ ఇది) నాలుగు పొరుగు అణువులతో కలిసి, మధ్యలో ఖాళీలున్న చట్రంలా అమరుతుంది. కరిగినప్పుడు ఆ చట్రం కొంత కూలి అణువులు ఖాళీల్లోకి జరుగుతాయి. అందుకే మంచు నీటిగా మారినప్పుడు ఘనపరిమాణం ఎనిమిది శాతానికి పైగా తగ్గుతుంది, మంచుగడ్డ నీటిపై తేలుతుంది. అంటే నీటికి సంబంధించినంతవరకు రెండో పెట్టెలోని చుక్కలను మొదటి పెట్టెలోకన్నా దగ్గరగా గీయాల్సి ఉంటుంది.

వాయువు సంగతి చూద్దాం. సాధారణ వాతావరణ పీడనం దగ్గర, వంద డిగ్రీల వద్ద ఉన్న ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే అణువుల మధ్య సగటు దూరం పదకొండు, పన్నెండు రెట్లు పెరిగిందన్నమాట. మీ పెట్టెలో అడ్డంగా పది, నిలువుగా పది చుక్కలు పట్టేట్లయితే మూడో పెట్టెలో ఒక్క చుక్క గీసినా ఎక్కువే. కాబట్టి ద్రవం అనేది ఘనానికీ వాయువుకూ సరిగ్గా మధ్యలో ఉండే స్థితి కాదు. దూరాల లెక్కలో అది ఘనానికి అతి దగ్గరి బంధువు. క్రమం లేకపోవడంలో మాత్రమే వాయువును పోలి ఉంటుంది.

దీన్ని తరగతిలో చూపించడానికి సూది లేని ఒక సిరంజి చాలు. ముందు గాలిని లోపలికి లాగి, కొనను బొటనవేలితో గట్టిగా మూసి, పిస్టన్‌ను నొక్కమని పిల్లలకు ఇవ్వండి. గాలి సగానికి సగం కుదించుకుపోతుంది, వదిలేస్తే పిస్టన్ దానంతటదే వెనక్కు వస్తుంది. తరువాత బుడగ ఒక్కటి కూడా మిగలకుండా నీళ్లు నింపి అలాగే నొక్కమనండి. ఎంత బలంగా నొక్కినా పిస్టన్ కదలదు. చేతికి తగిలే ఆ తేడా ఏ బొమ్మా చెప్పలేని విషయాన్ని చెబుతుంది. నీటి ఘనపరిమాణాన్ని ఒక్క శాతం తగ్గించాలంటే వాతావరణ పీడనానికి సుమారు 220 రెట్ల పీడనం కావాలి. ద్రవంలో కణాలు అప్పటికే ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అంత ఇరుకులో ఉన్నా ద్రవం ఎలా పారుతుందన్నది తరువాతి ప్రశ్న. కిక్కిరిసిన జనంలో ఎవరూ ఎవరికీ దూరంగా లేకపోయినా, పక్కనున్నవారు క్షణక్షణం మారుతూ మనిషి మెల్లగా ముందుకు సాగగలిగినట్టే, ద్రవంలోని అణువు కూడా పొరుగువారిని మార్చుకుంటూ జరుగుతుంది. నీటిలో రెండు అణువుల మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధం సెకనులో లక్ష కోట్ల వంతు స్థాయి కాలం మాత్రమే నిలిచి, తెగి, మరో అణువుతో మళ్లీ కుదురుతుంది. బంధాలు లేక కాదు, ఏ ఒక్క బంధమూ స్థిరంగా నిలవక నీరు పారుతోంది.

ఇంకొక్క మాట. కణాల మధ్య ఖాళీలో ఏముందని అడిగితే చాలామంది పిల్లలు గాలి ఉందంటారు. గాలి కూడా కణాలే కదా, మరి ఆ కణాల మధ్య ఏముందని తిరిగి అడగండి. అక్కడ ఏమీ లేదన్న జవాబును వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి.

ప్రశ్న: కరుగుతున్న మంచును ఎంత వేడిచేసినా థర్మామీటరు సున్నా దగ్గరే ఆగిపోతుంది. ఇచ్చిన వేడి అంతా ఎక్కడికి పోతోంది?

జవాబు: కణాలను విడదీయడానికి పోతోంది. 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు ఈ విషయాన్నే జాగ్రత్తగా కొలిచి, కనబడకుండా దాగే ఈ వేడిని గుర్తించాడు. దాన్నే మనం గుప్తోష్ణం అంటున్నాం. ఉష్ణోగ్రత అణువుల కదలికను మాత్రమే కొలుస్తుంది. ఆకర్షణకు ఎదురుగా అణువులను వాటి స్థానాల నుంచి కదిలించడానికి ఖర్చయిన శక్తి స్థితిజ శక్తిగా నిల్వ ఉంటుంది కనుక అది థర్మామీటరుకు తెలియదు. మొదటి జవాబులో చెప్పిన సంగతి, అంటే సున్నా డిగ్రీల మంచులోనూ నీటిలోనూ కదలిక ఒకే స్థాయిలో ఉండటం, ఇక్కడ అక్కరకొస్తుంది.

అంకెలు చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. సున్నా డిగ్రీల వద్ద ఒక కిలో మంచును కరిగించడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో ఒక కిలో నీటిని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా వేడిచేయవచ్చు. వంద డిగ్రీల వద్ద కిలో నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చడానికి 2,257 కిలోజౌళ్లు, అంటే కరిగించడానికి అయినదానికి ఆరున్నర రెట్లకు పైగా అవసరం. కరిగేటప్పుడు అణువుల మధ్య పట్టు కొద్దిగా సడలితే చాలు, ఆవిరయ్యేటప్పుడు పూర్తిగా తెగాలి. ద్రవం ఘనానికి దగ్గరి బంధువని పైన అన్నమాటకు ఈ రెండు అంకెలూ మరో రుజువు. వంద డిగ్రీల ఆవిరి తగిలితే అదే వేడిమి ఉన్న నీటికన్నా చర్మం తీవ్రంగా కాలడానికి కారణం కూడా ఇదే. ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ దాచుకున్న ఆ శక్తినంతా అక్కడే వదిలేస్తుంది.

ప్రశ్న: మరుగుతున్న నీటిలో పైకి వచ్చే బుడగల్లో ఉండేది గాలేనా? నూరు డిగ్రీలకు చేరకుండానే తడిబట్ట ఎలా ఆరుతోంది?

జవాబు: గాజు పాత్రలో నీటిని వేడిచేస్తూ దగ్గర నుంచి చూడండి. నీరు ఓ మోస్తరుగా వేడెక్కగానే పాత్ర గోడలకు అంటుకుని సన్నని బుడగలు కనిపిస్తాయి. నీటిలో కరిగి ఉన్న గాలే ఆ బుడగలు. వేడి నీటిలో గాలి ఎక్కువగా కరిగి ఉండలేదు కాబట్టి బయటపడుతుంది. ఇంకా వేడెక్కాక పాత్ర అడుగున పెద్ద బుడగలు పుట్టి, కొంచెం పైకి లేచి, అక్కడి చల్లని పొరల్లో ఒక్కసారిగా కుంచించుకుపోతాయి. మరగడానికి ముందు వినిపించే ఆ రొద వాటిదే. ఇవి గాలి బుడగలైతే అలా మాయమయ్యేవి కావు, ఇవి నీటి ఆవిరి బుడగలు. చివరకు నీరంతా ఒకే వేడికి చేరాక బుడగలు చితికిపోకుండా ఉపరితలం దాకా వస్తాయి. అప్పుడే నీరు మరిగిందంటాం. పాత్ర పైన తెల్లగా కనిపించే పొగలాంటిది కూడా ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి తుంపరలు. అసలైన ఆవిరి కంటికి కనబడదు.

బుడగ నిలబడాలంటే లోపలి ఆవిరి పీడనం బయటి పీడనంతో సమానం కావాలి. సముద్ర మట్టం దగ్గర అది నూరు డిగ్రీల వద్ద జరుగుతుంది. బయటి పీడనం బాగా తక్కువగా ఉండే ఎవరెస్టు శిఖరం మీద దాదాపు 70 డిగ్రీల దగ్గరే జరుగుతుంది. ఇక తడిబట్ట ఆరడానికి బుడగలతో పనిలేదు. ద్రవంలో అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. ఉపరితలం దగ్గర సగటుకన్నా బాగా ఎక్కువ వేగమున్న అణువు పట్టు తెంచుకుని గాలిలోకి వెళ్లిపోతుంది. ఇది ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా జరుగుతుంది. వేగవంతమైనవి వెళ్లిపోయాక మిగిలినవాటి సగటు శక్తి తగ్గుతుంది కనుక ద్రవం చల్లబడుతుంది. చెమట ఒంటిని చల్లబరిచేదీ ఇలాగే.

ప్రశ్న: వాయు అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో పోతాయంటారు. మరి గదిలో ఒక మూల సీసా మూత తీస్తే అత్తరు వాసన రెండో మూలకు చేరడానికి అంతసేపు ఎందుకు?

జవాబు: వేగం నిజమే, గాలిలోని అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో కదులుతాయి. కానీ ఒక్కో అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు పక్క అణువులను ఢీకొంటుంది. మిల్లీమీటరులో పదివేల వంతు దూరమైనా తిన్నగా పోకముందే దాని దారి మళ్లుతుంది. అందువల్ల పూర్తిగా నిశ్చలమైన గాలిలో, కేవలం వ్యాపనం ద్వారానే, అంటే అణువులు తమ కదలికతో తామే విస్తరించడం ద్వారానే అయితే, వాసన ఒక్క మీటరు దాటడానికే గంటలు పడుతుంది. నిజానికి మన ముక్కుకు వాసన త్వరగా అందేది గదిలో ఎప్పుడూ ఉండే గాలి కదలికల వల్ల. కనుక వ్యాపనానికి ఉదాహరణగా అత్తరు వాసనను చెప్పే అలవాటు మానుకోవడం మంచిది. కదపకుండా ఉంచిన నీటిలో అడుగున వేసిన రంగు స్ఫటికం రోజుల తరబడి మెల్లగా పైకి విస్తరించడం అంతకన్నా నిజాయితీగల ఉదాహరణ.

ప్రశ్న: గాజు నిజానికి చాలా నెమ్మదిగా పారే ద్రవమనీ, అందుకే పాత భవనాల కిటికీ అద్దాలు కింది వైపు మందంగా ఉంటాయనీ చదివాను. నిజమేనా?

జవాబు: నిజం కాదు. పాతకాలంలో అద్దం పలకను అంతటా ఒకే మందంగా తయారుచేయడం సాధ్యమయ్యేది కాదు, ఆ హెచ్చుతగ్గులే మనకు కనిపిస్తున్నాయి. గాజు ఘనమే. దానిలోని కణాలకు స్ఫటికంలో ఉండే వరసలు లేవు, ద్రవంలోలాగే అడ్డదిడ్డంగా ఉంటాయి. కానీ ప్రతి కణమూ తన చోట బిగుసుకుపోయింది. ఇలాంటి వాటిని అస్ఫటిక ఘనాలు అంటారు.

అయితే ఘనంలా కనిపిస్తూ పారే పదార్థం నిజంగానే ఉంది. తారు జాతికి చెందిన పిచ్ అనే పదార్థాన్ని సుత్తితో కొడితే ముక్కలవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో దాన్ని వేడిచేసి ఒక గాజు గరాటులో పోశారు, 1930లో గరాటు కింది కొనను తెరిచారు. అప్పటి నుంచి 2014 దాకా రాలింది తొమ్మిది చుక్కలే. దాని స్నిగ్ధత, అంటే పారడానికి అడ్డుపడే చిక్కదనం, నీటికన్నా దాదాపు పదివేల కోట్ల రెట్లు ఎక్కువ. కాబట్టి ఘనమా ద్రవమా అని తేల్చేటప్పుడు ఎంతసేపు గమనించామన్నదీ ముఖ్యమే.

ప్రశ్న: పదార్థానికి మూడు స్థితులేనా, ఇంకా ఉన్నాయా? ఏ వాయువునైనా గట్టిగా నొక్కితే ద్రవమవుతుందా?

జవాబు: ఇంకా ఉన్నాయి. వాయువును బాగా వేడిచేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మా ఏర్పడుతుంది. సూర్యుడు, నక్షత్రాలు, మెరుపు ఈ స్థితిలోనే ఉంటాయి. రెండో అంచున, సత్యేంద్రనాథ్ బోస్ 1924లో చేసిన గణితం ఆధారంగా ఐన్‌స్టీన్ ఊహించిన స్థితిని, రుబీడియం అనే లోహపు పరమాణువులను పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే అంతకన్నా చల్లబరచలేని హద్దుకు, అతి చేరువగా చల్లబరిచి కార్నెల్, వీమన్ 1995లో సాధించారు. అందులో వేలాది పరమాణువులు విడివిడి కణాల్లా కాక ఒకే తరంగంలా ప్రవర్తిస్తాయి.

మీ రెండో ప్రశ్న ఇంకా లోతైనది. నొక్కితే అణువులు దగ్గరవుతాయి, దగ్గరైతే ఆకర్షణ పట్టు చిక్కుతుంది. కానీ కదలిక మరీ ఎక్కువగా ఉంటే ఎంత దగ్గరకు తెచ్చినా ఆ పట్టు నిలవదు. అందుకే ప్రతి వాయువుకూ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత ఉంది, దానికి పైన ఎంత నొక్కినా అది ద్రవంగా మారదు. కార్బన్ డయాక్సైడ్‌కు అది 31 డిగ్రీలు. ఈ సంగతిని థామస్ ఆండ్రూస్ 1869లో స్పష్టంగా నిరూపించాడు. ఆక్సిజన్‌కు అది సున్నాకు దిగువన దాదాపు 118 డిగ్రీలు. ఆక్సిజన్, హైడ్రోజన్ వంటివి ఎప్పటికీ ద్రవం కాని వాయువులని అంతకుముందు శాస్త్రవేత్తలు భావించడానికి కారణం, వాటిని తగినంత చల్లబరచకుండా నొక్కడమే. అన్నిటికన్నా మొండిదైన హీలియం 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఆన్నెస్ చేతిలో, సున్నాకు దిగువన 269 డిగ్రీల దగ్గర ద్రవమైంది.

మందపాటి గాజు గొట్టంలో తగిన మోతాదులో ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ను మూసిపెట్టి మెల్లగా వేడిచేస్తే ఒక అపురూపమైన మార్పు కనిపిస్తుంది. మొదట కింద ద్రవం, పైన వాయువు, మధ్యలో కొద్దిగా వంపు తిరిగిన ఉపరితలం ఉంటాయి. 31 డిగ్రీలు దగ్గరపడేకొద్దీ ద్రవం వ్యాకోచించి పలచబడుతుంది, పైనున్న వాయువు చిక్కబడుతుంది, మధ్య గీత వంపు పోయి చదునై, మసకబారి, చివరకు చెరిగిపోతుంది. గొట్టం మొత్తం ఒకే పదార్థంతో నిండిపోతుంది. నీరు మరిగినట్టు మరగడం గానీ బుడగలు రావడం గానీ జరగకుండానే ద్రవం, వాయువు ఒకటైపోతాయి. అంటే ఆ రెండింటి మధ్య ఉన్న హద్దు అన్నిచోట్లా ఉండేది కాదు, దాన్ని చుట్టి పక్క నుంచి దాటిపోవచ్చు.

వరసలున్న స్ఫటిక ఘనానికీ ద్రవానికీ మధ్య మాత్రం ఇలాంటి చుట్టుదారి ఇంతవరకు ఏ పదార్థంలోనూ కనబడలేదు. స్ఫటికంలో కణాలకు వరసలుంటాయి, ద్రవంలో ఉండవు. సాంద్రతను కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోవచ్చు గానీ, వరస ఉండటానికీ లేకపోవడానికీ మధ్య అలా మెల్లగా జారిపోయే మెట్టు లేదు. దగ్గరి బంధువులైన స్ఫటిక ఘన, ద్రవాల మధ్య హద్దు స్థిరంగా నిలిచి, ఎంతో దూరంగా కనిపించే ద్రవ, వాయువుల మధ్య హద్దు చెరిగిపోవడానికి కారణం అదే.